ఫ్యామిలీతో ఢిల్లీ: రోజుకో దిక్కు చొప్పున చూసొచ్చే పద్ధతి

ఢిల్లీ వెళ్లొచ్చిన కుటుంబాల దగ్గర తరచూ వినపడే మాట ఒకటుంది: "అన్నీ చూశాం గానీ ఏదీ సరిగ్గా చూడలేదు." ట్రావెల్స్ బస్సు ఎక్కితే అంతే మరి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎక్కించడం, దించడం. కుతుబ్ దగ్గర ఫోటో, లోటస్ టెంపుల్ దగ్గర ఫోటో, మధ్యలో డ్రైవరుకు కమీషన్ వచ్చే చీరల కొట్టు.

ఈ ట్రిప్పు బాగా జరగాలంటే మూడు సంగతులు చూసుకోవాలి. ఏది ఏ రోజు మూసి ఉంటుంది, ఏది ఏ మెట్రో లైను మీద ఉంది, మీ ఇంట్లో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు. ఈ మూడూ తేలాకే ఏమేం చూడాలో రాసుకోండి.

1. ముందు నెల తేల్చుకోండి

మన పిల్లల సెలవులు మూడు విడతలు: దసరా, సంక్రాంతి, వేసవి. ఢిల్లీకి నిజంగా పనికొచ్చేది దసరా ఒక్కటే. అక్టోబరు మొదట్లో ఎండ తగ్గుతుంది, చలి ఇంకా మొదలవదు. దీపావళి దగ్గరపడేకొద్దీ గాలి పాడవుతుంది. చుట్టుపక్కల రాష్ట్రాల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ, బండ్ల పొగ, టపాకాయల పొగ, అన్నీ గాలి కదలక ఊరి మీదే నిలిచిపోతాయి. ఆస్తమా ఉన్న పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉంటే నవంబరు నుంచి జనవరి దాకా ఢిల్లీ మాట ఎత్తకపోవడమే మేలు.

సంక్రాంతి సెలవుల్లో పొగమంచుతో చిక్కు. రైళ్లు గంటల తరబడి లేటవుతాయి, విమానాలకూ గ్యారంటీ ఉండదు. పైగా జనవరి 26 పరేడ్ రిహార్సళ్ల కోసం రాష్ట్రపతి భవన్ నుంచి ఇండియా గేట్ దాకా ఉన్న కర్తవ్య పథ్ చుట్టూ దారులు మూసేస్తుంటారు. ఆ రోజుల్లో కొన్నాళ్లు ఎర్రకోటలోకీ రానివ్వరు. ఆగస్టు 15కు ముందు కూడా ఇదే వరస. అప్పుడే వెళ్లక తప్పదనుకుంటే స్వెట్టరు ఒక్కటి చాలదు. లోపల ఒక పొర, పైన ఒక పొర, చెవులకు టోపీ, కాళ్లకు సాక్సు ఉండాలి. మన చలికి కొన్న శాలువా అక్కడ ఆగదు.

మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. 'లూ' అనే వడగాలి మొహాన కొడుతుంది. వేసవి సెలవుల్లోనే వెళ్లాలంటే ఏప్రిల్ నెలాఖరున, బడి మూసిన వెంటనే బయల్దేరండి. పొద్దున 10 లోపు ఒక కట్టడం, మధ్యాహ్నం ఏసీ ఉన్న మ్యూజియం, సాయంత్రం 5 తర్వాత ఇండియా గేట్. బడితో పని లేని కుటుంబాలకైతే ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మధ్య వరకూ తిరుగులేని కాలం. రాష్ట్రపతి భవన్ వెనక ఉన్న అమృత్ ఉద్యాన్‌ను జనం చూడ్డానికి తెరిచేదీ దాదాపు అప్పుడే.

2. క్యాలెండర్‌లో సోమవారం మీద గీత పెట్టండి

ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ, గాంధీ స్మృతి, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్, రాష్ట్రపతి భవన్ అన్నీ సోమవారం సెలవే. ఆదివారం బయల్దేరి సోమవారం దిగి, గేట్ల బయట నిలబడి సెల్ఫీలు దిగి వచ్చే కుటుంబాలు ఎన్నో.

సోమవారం తప్పనప్పుడు కుతుబ్ మినార్, హుమయూన్ సమాధి, జంతర్ మంతర్, ఇండియా గేట్, గురుద్వారాలు ఆ రోజుకు పెట్టుకోండి. సరోజినీ నగర్, కరోల్ బాగ్ మార్కెట్లకు కూడా సోమవారమే సెలవు. చాందినీ చౌక్ దుకాణాలు ఎక్కువ భాగం ఆదివారం మూస్తారు. తాజ్‌మహల్, ఢిల్లీ జూ శుక్రవారం ఉండవు. ఇవన్నీ కలిపి చూస్తే నాలుగు రోజుల ట్రిప్పుకు మంగళవారమో బుధవారమో దిగడం హాయి.

3. ఇంటి నుంచే బుక్ చేయాల్సినవి

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. దసరాకు వెళ్లేవాళ్లు ఆ రోజు పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చోవాలి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌కే వెళ్తాయి. సికింద్రాబాద్ రాజధాని, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, తిరుపతి నుంచి వచ్చే సంపర్క్ క్రాంతి హజ్రత్ నిజాముద్దీన్‌లో ఆగిపోతాయి. రెండు స్టేషన్లకూ మధ్య దూరం ఉంది కాబట్టి బస వెతికే ముందే ఏ స్టేషన్లో దిగుతున్నారో చూసుకోండి.

రాష్ట్రపతి భవన్ లోపల చూడాలంటే దాని సొంత వెబ్‌సైట్లో స్లాట్ బుక్ చేసుకోవాలి. అప్పటికప్పుడు గేటు దగ్గరికి వెళ్తే లాభం లేదు. 340 గదుల భవనంలో మనకు చూపించేది కొంతే. అయినా సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి ఉన్న ఇల్లు ఇదే అని పిల్లలకు చెప్పుకుంటూ నడిస్తే ఆ దర్బార్ హాలు (ఇప్పుడు గణతంత్ర మండపం అంటున్నారు) వేరుగా కనిపిస్తుంది.

పురావస్తు శాఖ కట్టడాలకు టికెట్లు ఆన్‌లైన్లో తీసుకుంటే కాస్త చవక, క్యూ బాధా ఉండదు. 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. అందరివీ, పిల్లలవి కూడా, ఒరిజినల్ ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి.

4. బస ఎక్కడ?

స్టేషన్‌ను ఆనుకుని ఉన్న పహాడ్‌గంజ్‌లో గదులు చవక. సందులు మాత్రం ఇరుకు, రాత్రి గోల ఎక్కువ. పెద్దవాళ్లతో వెళ్తే నేను అటు సలహా ఇవ్వను. కరోల్ బాగ్‌లో మధ్యతరగతికి అందే హోటళ్లు బోలెడు, బ్లూ లైన్ మెట్రో పక్కనే. ఇంకాస్త ప్రశాంతంగా కావాలంటే ఎల్లో లైన్ మీద గ్రీన్ పార్క్, హౌజ్ ఖాస్, మాలవీయ నగర్ వైపు గెస్ట్‌హౌస్‌లు చూడండి. గది ఎంత బాగున్నా మెట్రో స్టేషన్ నడక దూరంలో లేకపోతే వదిలేయండి. రోజుకు రెండుసార్లు ఆటో బేరం ఆడటంలోనే ఓపిక అయిపోతుంది.

న్యూఢిల్లీ స్టేషన్‌కు రెండు వైపులున్నాయి: పహాడ్‌గంజ్ వైపు, అజ్మేరీ గేట్ వైపు. మెట్రో అజ్మేరీ గేట్ వైపుంది. బయటికి రాగానే "మీ హోటల్ మూసేశారు", "రిటర్న్ టికెట్ కన్ఫర్మ్ చేయిస్తాం, ఆఫీసుకు రండి" అంటూ మర్యాదగా ఒకాయన తగులుతాడు. బోర్డు మీద ప్రభుత్వ టూరిస్ట్ ఆఫీసు అనే రాసి ఉంటుంది. ఆగకండి, జవాబు కూడా చెప్పకండి. హోటల్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

విమానంలో వస్తే టెర్మినల్ నంబరు చూసుకోండి. టెర్మినల్ 3 నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో నేరుగా న్యూఢిల్లీ స్టేషన్‌కు వస్తుంది. టెర్మినల్ 1 మెజెంటా లైన్ మీద ఉంది.

5. మెట్రోకు ఇంటి రూల్సు

2002 డిసెంబరు 24న మొదలైన ఈ మెట్రో లేకపోతే ఢిల్లీ చూడటం ఇంత తేలిక అయ్యేది కాదు. మనిషికో స్మార్ట్ కార్డు తీసుకోండి, ఒక్క కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు. మూడడుగుల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే టికెట్ లేదు. రైలు వెళ్లే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్లది. అమ్మమ్మకు సీటు దొరకాలంటే అమ్మ, అమ్మమ్మ, చిన్నపిల్లలు అందులో ఎక్కడం మంచిది. కాకపోతే ఏ స్టేషన్లో దిగాలో ఎక్కేముందే గట్టిగా చెప్పుకోవాలి.

రాజీవ్ చౌక్‌లో ఎల్లో, బ్లూ లైన్లు కలుస్తాయి. ఆఫీసు వేళల్లో అక్కడ తోపులాట మామూలుగా ఉండదు. తలుపులు మూసుకుని కుటుంబంలో సగం లోపల, సగం బయట మిగిలిపోయే చోటు అదే. దానికి ముందే ఒక ఒప్పందం చేసుకోండి: రైలెక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి ప్లాట్‌ఫాం మీద కదలకుండా నిలబడాలి, మిగిలిపోయినవాళ్లు తర్వాతి రైల్లో రావాలి. పిల్లలకు ఈ ఒక్క మాట కంఠతా వస్తే సగం టెన్షన్ తగ్గినట్టే.

ప్రతి స్టేషన్లో బ్యాగులు ఎక్స్‌రేలో వెళ్తాయి, మనుషులకు తనిఖీ ఉంటుంది. ఎక్కడికెళ్లినా ఇంకో పావుగంట కలుపుకోండి.

ఆరుగురు, అందులో మోకాళ్ల నొప్పులవాళ్లు ఇద్దరు ఉన్నారనుకోండి, ఒక రోజుకైనా క్యాబ్ మాట్లాడుకోవడమే నయం. "ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు" అని ప్యాకేజీగా ఇస్తారు. దుకాణాలకు తీసుకెళ్లొద్దని ఎక్కేటప్పుడే చెప్పేయండి.

6. మొదటి రోజు: నడిబొడ్డు

ప్రయాణం బడలిక ఉంటుంది కాబట్టి పొద్దున తేలికగా మొదలుపెట్టండి. బంగ్లా సాహిబ్ గురుద్వారాకు వెళ్లండి. తలమీద గుడ్డ తప్పనిసరి, అక్కడే ఇస్తారు. కోనేటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, వరసలో కూర్చుని రొట్టె, పప్పు తినండి. రొట్టె పెట్టేటప్పుడు రెండు చేతులూ చాచి తీసుకోవాలి.

అక్కడి నుంచి జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియం. అంతా చూడాలని కూర్చుంటే పిల్లలు నేలమీద పడుకుంటారు. హరప్పా గదికి నేరుగా వెళ్లి మొహెంజోదారో నాట్యకత్తె కంచు బొమ్మ ముందు ఆగండి. పుస్తకాల్లో పెద్దగా వేస్తారు గానీ ఎత్తు 10.5 సెంటీమీటర్లే. ఎడమచేయి భుజం దాకా గాజులే, కుడిచేతికి నాలుగే. నడుం మీద చేయి వేసుకుని, గడ్డం కాస్త పైకెత్తి, "అయితే ఏంటట" అన్నట్టు నిలబడి ఉంటుంది. ఎన్ని గాజులో లెక్కపెట్టమంటే పిల్లలు పది నిమిషాలు అక్కణ్నుంచి కదలరు. తర్వాత మన నాగార్జునకొండ శిల్పాలు ఎక్కడున్నాయో అడిగి చూడండి. తెల్లటి సున్నపురాయి మీద కిక్కిరిసిన బొమ్మలు, ఊరికి దూరంగా వచ్చిన చుట్టాల్లా పలకరిస్తాయి.

మధ్యాహ్న భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్. టోకెన్ తీసుకుని కూర్చుంటే పప్పు, కూర, సాంబారు, రసం, పచ్చడి, పొడి, పెరుగు వస్తాయి, అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. మాంసం, చేప విడిగా కొనుక్కోవాలి. ఒంటిగంటకు వెళ్తే ఢిల్లీవాళ్లే బయట బారులు తీరి ఉంటారు, పన్నెండున్నర లోపు చేరండి. రెండో రోజు నుంచి "అన్నం ఎక్కడ" అని మొదలుపెట్టే తాతయ్యలు ఉన్న ఇంటివాళ్లు ఈ చిరునామాను రోజూ ఒక పూటకు పెట్టుకున్నా తప్పులేదు.

ఎండ తగ్గాక ఇండియా గేట్. 1931లో ప్రారంభమైన ఈ 42 మీటర్ల కమాను మీద మొదటి ప్రపంచ యుద్ధంలో, అఫ్గాన్ యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు 13 వేలకు పైగా ఉన్నాయి. చాలామంది ఇక్కడ ఫోటో దిగి, ఐస్‌క్రీం తిని తిరిగిపోతారు. వెనకే ఉన్న జాతీయ యుద్ధ స్మారకాన్ని వదలొద్దు. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు, ప్రవేశం ఉచితం. వలయాలుగా కట్టిన గ్రానైట్ గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన సైనికుల పేర్లు చెక్కారు. మీ ఊరివాళ్లో మీ జిల్లావాళ్లో ఎవరైనా ఉంటే పేరు వెతికిపెట్టడానికి అక్కడ ఏర్పాటుంది. సూర్యాస్తమయ వేళ వీరుల గౌరవార్థం జరిగే చిన్న కార్యక్రమానికి అందేలా కాస్త ముందే వెళ్లండి.

7. రెండో రోజు: పాత ఢిల్లీ

వయొలెట్ లైన్‌లో లాల్ ఖిలా స్టేషన్లో దిగితే ఎర్రకోట ఎదురుగానే. షాజహాన్ 1639లో మొదలుపెట్టి 1648కి పూర్తి చేయించాడు. లాహోరీ గేటు దాటగానే కప్పు వేసిన బజారు వస్తుంది, అది అప్పట్లో రాజ పరివారం కోసం పెట్టింది. అక్కడ కొనడం మొదలుపెట్టకండి, సామాను మోసుకుంటూ కోటంతా తిరగలేరు.

చక్రవర్తి ముఖ్యులతో కొలువుదీరిన దివాన్-ఇ-ఖాస్ చేరాక పిల్లలకు నెమలి సింహాసనం కథ చెప్పండి. 1739లో పర్షియా రాజు నాదిర్‌షా దాన్ని ఎత్తుకెళ్లాడు, కోహినూర్ కూడా అతని చేతికే పోయింది. ఆ వజ్రం కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలో దొరికిందనే అంటారు. 1857 తిరుగుబాటు తర్వాత చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్‌షా జఫర్‌ను ఇదే కోటలో విచారించి రంగూన్ పంపేశారు. ఆయన పట్టుబడిన చోటు రేపు చూస్తారు, ఆ ముక్క అప్పటికి దాచుకోండి.

కోట ఎదుట ఎర్రటి జైన మందిరం ఉంది. దాని ఆవరణలో పక్షుల ఆసుపత్రి నడుస్తోంది. రెక్క విరిగిన పావురాలకు కట్టు కట్టడం చూస్తే పిల్లలకు కోటకంటే ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

చాందినీ చౌక్ ప్రధాన వీధిలో పగలంతా మోటారు బళ్లను రానివ్వరు. సైకిల్ రిక్షా మాట్లాడుకోండి. ఎక్కేముందే ఎక్కడెక్కడికి, మొత్తం ఎంత, మనిషికా బండికా అని తేల్చుకోవాలి. దరీబా కలాన్ వెండి వీధి. కినారీ బజార్లో పెళ్లి జరీ అంచులు, లేసులు, తలపాగాలు, ఇంట్లో పెళ్లి ఉందంటే ఆడవాళ్లు ఇక్కడ రెండు గంటలు తేలరు, ఆ టైము ప్లాన్‌లోనే రాసుకోండి. ఖారీ బావోలీలో మసాలా ఘాటుకు తుమ్ములు ఆగవు. పరాఠా వాలీ గల్లీలో పరాఠాలను పెనం మీద కాల్చరు, నేతిలో దేవుతారు. ఇద్దరికి ఒక ప్లేటు చెప్పి చూసి, తర్వాత ఇంకోటి తెప్పించుకోండి. చలికాలం వెళ్తే పొద్దున్నే అమ్మే దౌలత్ కీ చాట్ వదలొద్దు. పాల నురగ, పైన కోవా, పంచదార పొడి. నోట్లో పెట్టగానే ఏమీ మిగలదు.

1675లో సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ ప్రాణత్యాగం చేసిన చోట కట్టిన శీశ్ గంజ్ గురుద్వారా ఇదే వీధిలో ఉంది. జామా మసీదు మెట్లు ఎక్కాలంటే నమాజు వేళలు, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, తప్పించండి. చెప్పులు బయట వదలాలి. ఎండాకాలం రాయి కాలుతుంది, సాక్సు ఉంచుకోండి.

సాయంత్రం ఇంకేమీ పెట్టుకోవద్దు. పాత ఢిల్లీ తర్వాత అందరికీ కాళ్లు చాపుకోవాలనే ఉంటుంది.

8. మూడో రోజు: దక్షిణం

పొద్దున్నే ఎల్లో లైన్‌లో కుతుబ్ మినార్ స్టేషన్, అక్కడి నుంచి ఆటో. ఎత్తు దాదాపు 73 మీటర్లు, లోపల 379 మెట్లు. కానీ ఎవరినీ ఎక్కనివ్వరు. 1981 డిసెంబరులో మెట్ల మీద కరెంటు పోయి జరిగిన తొక్కిసలాటలో ఎక్కువగా బడిపిల్లలే చనిపోయారు, అప్పటి నుంచి మూసేశారు.

మినార్‌ను కింద నుంచి చూసి తలనొప్పి తెచ్చుకునే బదులు పక్క మసీదు స్తంభాల దగ్గర ఆగండి. పాత హిందూ, జైన ఆలయాల స్తంభాలు తెచ్చి నిలబెట్టారు. గొలుసులతో వేలాడే గంటలు చెక్కినవి స్పష్టంగా కనిపిస్తాయి. ఆవరణలోని ఇనుప స్తంభం గుప్తుల కాలంది, బరువు ఆరు టన్నులకు పైనే. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన పల్చటి పొర ఏర్పడి లోపలికి తుప్పు దిగలేదు. చేతులు వెనక్కి పెట్టి కౌగిలిస్తే అదృష్టమని జనం ఎగబడేవాళ్లు, అందుకే చుట్టూ కంచె వేశారు.

తిరిగి ఎల్లో లైన్‌లో హౌజ్ ఖాస్ దాకా వచ్చి, మెజెంటాలోకి మారి కాల్కాజీ మందిర్‌లో దిగితే లోటస్ టెంపుల్. 1986లో తెరిచారు, 27 పాలరాతి రేకులు. లోపల మాట్లాడకూడదు. అల్లరి పిల్లలుంటే ఒకరు బయట తోటలో ఉండి వంతులవారీగా వెళ్లిరండి. క్యూ మరీ పొడుగ్గా ఉంటే బయట నుంచి చూసి కదలండి, అందం ఎక్కువ బయటే ఉంది.

అక్కడి నుంచి వయొలెట్ లైన్‌లో జేఎల్ఎన్ స్టేడియం, ఆటోలో హుమయూన్ సమాధి. నాలుగింటి తర్వాత వెళ్తే ఎర్రరాయి మీద ఎండ వాలుతుంది, తెల్ల గుమ్మటం పసుపు రంగుకు తిరుగుతుంది. ఢిల్లీలో ఒకే ఒక్క కట్టడం చూడమంటే నేను దీనికే ఓటేస్తాను. 1857లో జఫర్ దాక్కుని, బ్రిటిష్ సైనికాధికారి హాడ్సన్‌కు లొంగిపోయింది ఇక్కడే. నిన్న దాచిన కథ ఇప్పుడు పూర్తి చేయండి. ఎదురుగా భూమి లోపల కట్టిన మ్యూజియం 2024లో తెరిచారు. పక్కనే సుందర్ నర్సరీ అనే పెద్ద పార్కు. పెద్దవాళ్లు అక్కడ చెట్ల కింద కూర్చుంటే పిల్లలు పరుగెడతారు.

9. నాలుగో రోజు: ఇంట్లో ఓటు పెట్టండి

చిన్నపిల్లలుంటే చాణక్యపురిలోని రైల్ మ్యూజియం. పాత ఆవిరి ఇంజన్లు, బొమ్మ రైలు, ఒకే పట్టా మీద నడిచిన పటియాలా మోనోరైలు. హైస్కూలు పిల్లలుంటే తీన్ మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయ. అక్కడ మన పి.వి. నరసింహారావు గది దగ్గర ఆగి 1991 ఆర్థిక సంస్కరణల గురించి చదివించవచ్చు. పెద్దవాళ్లు గుడి అడిగితే గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ వేంకటేశ్వరస్వామి ఆలయం, అక్కడికి దగ్గరలోనే బిర్లా మందిర్.

అక్షర్‌ధామ్‌కు పూర్తి మధ్యాహ్నం, సాయంత్రం కావాలి. ఫోన్లు, బ్యాగులు, తిండి లోపలికి రానివ్వరు, అన్నీ క్లోక్‌రూంలో పెట్టాలి. ఫోన్లు ఉండవు కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలవాలో, ఎన్ని గంటలకో గేటు బయటే అనుకోండి. ఒకరికైనా చేతి గడియారం ఉండాలి.

ఆగ్రా కూడా ఇదే ట్రిప్పులో అయితే దానికి రోజంతా ఇవ్వండి. నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ రెండు గంటల లోపే చేరుస్తుంది. తాజ్‌కు సెలవైన శుక్రవారం ఆ రైలూ ఉండదు.

10. బేరాలు, బ్యాగులు

ఆటోవాళ్లతో "భయ్యా, మీటర్ సే చలియే" అనండి. కాదంటే యాప్‌లో రేటు చూసి మాట్లాడండి. జన్‌పథ్, సరోజినీ నగర్లలో చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. ధర రాసి ఉన్న వస్తువు, నాణ్యతకు భరోసా కావాలంటే జన్‌పథ్‌లోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం ఉంది. ఐఎన్ఏ స్టేషన్ పక్కన దిల్లీ హాట్‌లో రకరకాల రాష్ట్రాల చేతిపనులు, తిండి ఒకేచోట దొరుకుతాయి, మూడో రోజు రాత్రి భోజనానికి బాగుంటుంది. మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పెద్దవాళ్ల బీపీ మాత్రలు సూట్‌కేసులో కాకుండా భుజానికి వేసుకునే బ్యాగులో ఉండాలి.

ఎవరికైనా జ్వరమో నీరసమో వచ్చి ఒక రోజు పోతే తీసేయాల్సింది నాలుగో రోజుది. పాత ఢిల్లీని మాత్రం ముట్టుకోకండి. తిరుగు ప్రయాణం రోజు టికెట్ మీద స్టేషన్ పేరు మళ్లీ చదవండి. న్యూఢిల్లీలో దిగినవాళ్లకు నిజాముద్దీన్ నుంచి రిటర్న్ ఉండటం మామూలే. సాయంత్రం ట్రాఫిక్‌లో క్యాబ్‌ను నమ్ముకోకుండా మెట్రోలో, గంటన్నర ముందే బయల్దేరండి.